ఏడో నంబరు బోరు

కినుయో బామ్మ పెద్దగా చదువుకోలేదు. తొమ్మిదో తరగతి అయ్యాక చేపలు ఎండబెట్టే షెడ్డులో చేరింది. ఇరవై రెండేళ్లకు ఇసొబె వాళ్లింటి కోడలైంది. ముప్పై తొమ్మిదో ఏట ఆమె మొగుడు పడవతో సహా తిరిగి రాలేదు. ఆ తర్వాతే బోరు పనికి వెళ్లింది. వేడి ఊట పడుతుందేమోనని మా దీవిలో ఆ రెండేళ్లలో పన్నెండు చోట్ల బోర్లు వేశారు. పన్నెండింటిలోంచీ పైకొచ్చిన ప్రతి రాయినీ కడిగింది ఆమే. మా కాళ్ల కింద ఏముందో చేత్తో తడిమి చూసినవాళ్లలో ఇప్పుడు బతికున్నది ఆమె ఒక్కతే. ఆ సంగతి మా ఊళ్లో ఎవరికీ పట్టలేదు. రాళ్లు కడిగే మనిషికి రాళ్ల గురించి ఏం తెలుస్తుందన్నది మావాళ్ల లెక్క.

ఆ పని ఇలా ఉంటుంది. బోరు గొట్టంలోంచి రాయి చేతికర్రలా గుండ్రంగా, మణికట్టంత లావున వస్తుంది. దాని మీది బురద కడిగి, మీటరు పొడుగు చెక్కపెట్టెలో, ఏ లోతునుంచి వచ్చిందో ఆ వరసలో పేర్చాలి. పెట్టె నిండగానే ఫోటో తీస్తారు. భూమి లోపల రాయి నుజ్జునుజ్జుగా ఉంటే అది నీళ్లతో కొట్టుకుపోతుంది, పైకి రాదు. అప్పుడు పెట్టెలో అంతమేరా ఖాళీ వదిలి, ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా రాయి దొరకలేదో రాసిన చెక్కముక్క ఒకటి అక్కడ పెట్టాలి. ఎక్కడైనా పద్ధతి ఇదే.

మా దీవి బోరు మేస్త్రీ కురామొచికి మాత్రం చెక్కముక్క అంటే ఒళ్లుమంట. పెట్టెలో ఖాళీ కనిపిస్తే బోరు వేసినవాడికి చేతకాలేదని అర్థమట. పక్క దీవుల మేస్త్రీలు వచ్చి చూసి నవ్విపోతారట. ఏడో నంబరు బోరు వేస్తుండగా నలభై ఒకటో మీటరు దగ్గర గొట్టంలోంచి బూడిదరంగు బురద తప్ప ఏమీ రాలేదు. యాభై ఎనిమిది దాటాకే మళ్లీ రాయి తగిలింది. కినుయో చెక్కముక్క చేతిలోకి తీసుకుంది. కురామొచి దాన్ని లాక్కుని పొయ్యిలో పడేశాడు.

"మూడో బోరులో మిగిలిన రాళ్లున్నాయిగా, వాటితో నింపు" అన్నాడు.

ఆమె నింపింది. అలా ఇలా కాదు. రంగుకి రంగు కలిపింది, ఉలితో కొసలు చెక్కి ఒకదానికొకటి అతికినట్టు కూర్చింది. పదిహేడు మీటర్ల అబద్ధాన్ని అంత పొందికగా పేర్చగలిగేవాళ్లు ఆ చుట్టుపక్కల దీవుల్లో ఇంకొకరు లేరు. కురామొచి ఆమె భుజం తట్టి, "నువ్వు మగాడివై పుట్టాల్సిందానివి" అన్నాడు. ఆ మాటకి తను మూడు రోజులు పొంగిపోయానని ఆమే నాతో చెప్పింది.

ఏడో బోరులో వేడినీళ్లు పడలేదు. తొమ్మిదో బోరులో పడ్డాయి. అక్కడ ఊరందరికీ కలిపి స్నానాల ఇల్లు కట్టారు, కురామొచి పోయాక ఆయన ఫోటో అందులో వేలాడదీశారు. నీళ్లు పడని బోరులో ఏముందో ఎవరడుగుతారు? ముప్పై ఒక్క ఏళ్లు ఎవరూ అడగలేదు.

తర్వాత మా టౌన్ ఆఫీసువాళ్లు తైరబారా మైదానంలో ఆశ్రయ భవనం కట్టాలనుకున్నారు. దీవి మధ్యనున్న అగ్నికొండ పేలితే ఊరంతా వెళ్లి తలదాచుకునే చోటు. కొండ శిఖరం చుట్టూ మ్యాపు మీద వలయాలు గీశారు. తైరబారా అన్నిటికంటే బయటి, ప్రమాదం తక్కువున్న వలయంలో పడింది. కింద గట్టి బండ ఉందనడానికి పాత కాగితాల్లో ఏడో నంబరు బోరు రుజువు. ఇంకేం కావాలి?

నేనప్పుడు టోక్యోలో భూగర్భశాస్త్రం రెండో ఏడు మధ్యలో వదిలేసి వచ్చి, టౌన్ ఆఫీసులో పాత కాగితాలు స్కాన్ చేసే తాత్కాలిక పనిలో ఉన్నాను. ఒక ఉదయం కినుయో బామ్మ రబ్బరు బూట్లతోనే లోపలికొచ్చి నా బల్ల ముందు నిలబడింది.

"నోటీసు బోర్డు మీద తైరబారా అని రాశారు. ఏడో బోరు చోటేనా?"

"అవును బామ్మా. కింద మంచి బండ ఉందంట."

"ఎవరన్నారు?"

"ఇదిగో, ఫోటో ఉంది."

ఆమె ఫోటోని చాలాసేపు చూసింది. "బాగా పేర్చాను" అంది. తర్వాత, "సాయంత్రం మా ఇంటికి రా. నువ్వు చదువు సగంలో మానేసినోడివి, నీకైతే చెప్పొచ్చు. పూర్తిగా చదివినోళ్లు వినరు" అంది.

వెళ్లాను. పెరట్లో బొగ్గుల కుంపటి మీద కుసాయ, అంటే ఉప్పునీళ్లలో పులియబెట్టి ఎండబెట్టిన చేప, కాలుస్తోంది. ఆ కంపు మాకు అలవాటే. కాల్చిన చేపని పలక మీద పెట్టి, కత్తి నా చేతికిచ్చింది.

"కొయ్యి. నిలువుగా."

కోశాను. కత్తి వెన్నెముక తగిలి పక్కకి జారింది.

"ఏమైంది?"

"ఎముక అడ్డమొచ్చింది."

"కత్తి ఆగిపోయిందా?"

"లేదు. ఎముక వారగా పోయింది."

"లావా కూడా అంతేరా. పైకి రావాలని దానికి తొందర. కానీ బండని చీల్చుకు రావాలంటే దానికీ బద్ధకమే. బండ పక్కన ఎక్కడ మెత్తగా ఉందో, ఎక్కడ పగిలి ఉందో అటు పోతుంది. మన దీవికి పడమటేపు కింద పాత బండ ఉంది. ఎప్పుడో వెనకటి కాలంలో పైకి రాలేక లోపలే గడ్డకట్టిన లావా అది. ఒకటి, రెండు, మూడో బోర్లలో చూశా, ఇనుములా ఉంటది. తూర్పున పదో బోరులో, పదకొండులో బూడిద, గులకరాళ్లు, పొరలు పొరలు. ఆ రెండిటికీ మధ్యన నలిగిపోయిన పట్టీ ఒకటి. అది ఏడో బోరు కిందనించే పోతోంది."

"బామ్మా, ఏడో బోరు ఫోటోలో అంతా గట్టి రాయే ఉందిగా?"

అప్పుడు చెప్పింది మొత్తం. చెక్కముక్క, పొయ్యి, ఉలి, అన్నీ. చెబుతున్నంతసేపూ చేప ముళ్లు ఏరుతూనే ఉంది.

"మన కొండ కింద వరసగా ఉన్న ఐదు గుట్టలు చూశావుగా" అంది చివర్లో. "ఒక్కో గుట్టా ఒక్కోసారి లావా బయటికొచ్చిన చోటు. కొండనించి సముద్రానికి తిన్నగా రావవి. మధ్యలో వంకర తిరుగుతాయి. ఎందుకో మీ టోక్యో పంతుళ్లు చెప్పారా?"

"చెప్పేలోపే మానేశాను."

"బండని చుట్టుకుని వస్తున్నాయిరా. నాలుగో గుట్టకీ ఐదో గుట్టకీ మధ్య ఖాళీ జాగా ఏది?"

తైరబారా. చిన్నప్పుడు మేం బేస్‌బాల్ ఆడుకున్న చోటు. దీవి మొత్తానికి అదొక్కటే చదునైన నేల. అక్కడ గుట్ట ఎందుకు లేదని నేనెప్పుడూ అడగలేదు. ఇంకా లేవలేదు, అంతే.

మర్నాడు ఇద్దరం సెగావా దగ్గరికి వెళ్లాం. భవనం పని చూసే అధికారి. మంచి మనిషే, మర్యాదస్తుడు, ఎవరికీ ఎదురు చెప్పడు. అలాంటివాళ్లతోనే పని జరగదు. ఆమె చెప్పినదంతా విని టీ పోశాడు.

"ఇసొబె సాన్, ముప్పై ఏళ్ల కిందటి మాట. మీకు ఏ బోరో సరిగ్గా గుర్తుందా?"

"నా పెళ్లి రోజు మర్చిపోయాను గానీ ఇది మర్చిపోలేదు."

"ఆ పెట్టెలుంటే చూసేవాళ్లం. గోదాము ఖాళీ చేసినప్పుడు ఆ రాళ్లు రేవు దగ్గర పార్కింగులో గుంతలు పూడ్చడానికి వాడేశారు. ఫోటోలే మిగిలాయి. ఫోటోల్లో చూస్తే ఒక్క ఖాళీ కూడా లేదు."

"ఖాళీ లేకుండా చేసింది నేనేనని చెప్తుంటే!"

"కురామొచి సాన్ అలా చేయించారంటే ఊళ్లో ఎవరూ ఒప్పుకోరండీ" అన్నాడు సెగావా, గొంతు తగ్గించి. అదీ అసలు భయం. స్నానాల ఇంట్లో ఆయన ఫోటో కింద బట్టలు విప్పుకునే ఊరు మాది.

నేను ఫోటోలన్నీ ముందేసుకుని నాలుగు రోజులు కూర్చున్నాను. దొరికింది. మూడో బోరు పెట్టె ఫోటోలో ఒక రాయి మీద తెల్లటి చార, గాలంలా వంగి ఉంది. ఏడో బోరు పెట్టెలో, నలభై ఆరో మీటరు దగ్గర, అదే రాయి. తలకిందులుగా. ఒకే రాయి రెండు బోర్లలోంచి రాదు. రెండు ఫోటోలూ పక్కపక్కన పెడితే సెగావా కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇది రాసి సంతకం పెట్టగలరా?" అని బామ్మనడిగాడు.

ఆమె అక్కడే రాసింది. ఏం చేసింది, ఏ లోతు నుంచి ఏ లోతుదాకా, ఎవరు చెప్పగా. కింద తేదీ, పేరు, ముద్ర. ఆ రోజుకింకా పునాదిలో కాంక్రీటు పడలేదు, గుంతలు మాత్రమే తవ్వారు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

వార్త సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. సహకార సంఘం దుకాణంలో కూర్చునే తొమోయె నోటికి అడ్డూ ఆపూ లేదు. కినుయోకి పాత స్నేహితురాలే, పదేళ్లు చిన్నది. నేను సోయా సాస్ కొంటుండగా బామ్మ లోపలికొచ్చింది.

"రా రాళ్లక్కా, రా!" అంది తొమోయె. "పోయినోడి మీద నింద వేస్తే నోరు తెరిచి కాదనలేడు కదా, బాగా అదను చూసుకున్నావు."

"నా మీద కూడా వేసుకున్నానే."

"నీ మీద వేసుకుంటే పోయేదేముంది? నీకు ఫోటో పెట్టారా, దండేశారా? ఇప్పటిదాకా మా మనవలకి జిమ్ము కూడా లేదు. భవనం వస్తే పిల్లలు వానలో కూడా ఆడుకుంటారని అందరూ కాచుకు కూర్చున్నారు. నీకెందుకే ఆ ఏడుపు?"

"అక్కడ నేల గట్టిది కాదు తొమోయె."

"నీ బుర్రే గట్టిది కాదు. టోఫు కావాలా వద్దా?"

బామ్మ టోఫు తీసుకుంది. నవ్వింది కూడా. బయటికొచ్చాక మాత్రం, "నేను చెప్పింది అబద్ధమైతే బావుణ్ణనిపిస్తోందిరా" అంది.

టౌన్ ఆఫీసు చివరికి ఒక పని చేసింది. కొత్తగా ఒక బోరు వేయించి చూద్దామంది. ఒక్కటే. బయటినుంచి యంత్రం వచ్చింది. ఏడో బోరు చోట అప్పటికే పునాది గుంతలు, ఇనుప చువ్వలు ఉన్నాయి. యంత్రం నిలబడడానికి వీల్లేదన్నారు. పడమటేపు ముప్పై అడుగుల దూరంలో, పార్కింగు రాబోయే మూలన వేశారు. బామ్మ రోజూ వెళ్లి తాడు బయట నిలబడేది. లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. రాయి అరవై మీటర్లదాకా ఎక్కడా విరగకుండా వచ్చింది. పెట్టెలన్నీ నిండు. ఈసారి నిజంగానే నిండు.

"చూశారుగా ఇసొబె సాన్" అన్నాడు సెగావా, ఊపిరి పీల్చుకుని. "గట్టి బండ."

"ఎముకలో పొడిచి ఎముకుందంటావేంటయ్యా! ముప్పై అడుగులు ఇటు జరుగు. పట్టీ సన్నంగా ఉంటది, గది వెడల్పు ఉంటది అంతే. దాని అంచున నిలబడ్డావు నువ్వు."

"యంత్రం రేపటి ఓడకి వెళ్లిపోతోందండీ."

వెళ్లిపోయింది. నేను ఆఫీసులో గట్టిగా అరిచాను. తాత్కాలిక ఉద్యోగానికి నా అవసరం అయిపోయిందని ఆ వారమే చెప్పారు. నేను రేవులో సామాను వ్యాను నడపడానికి కుదిరాను. భవనం పదకొండు నెలల్లో లేచింది. ప్రారంభం రోజున అన్నం ముద్దలు, సారా పంచారు. స్నానాల ఇంట్లో బామ్మ వచ్చి తొట్టిలో దిగితే మిగతా ఆడవాళ్లు లేచి వెళ్లిపోయేవాళ్లని మా అమ్మ చెప్పింది. మా అమ్మ కూడా లేచిందో లేదో నేనడగలేదు.

రెండేళ్ల తర్వాత జూన్‌లో నేల కదలడం మొదలైంది. మొదటి రోజు ముప్పై సార్లు, రెండో రోజు లెక్కపెట్టడం మానేశారు. శిఖరం మీద పొగ కూడా లేదు. మూడో రోజు మధ్యాహ్నం మైకుల్లో చెప్పారు, అందరూ ఆశ్రయ భవనానికి వెళ్లమని. నేను వ్యానులో ముసలివాళ్లని చేరవేస్తున్నాను. కినుయో బామ్మ వ్యాను ఎక్కింది గానీ భవనం ముందు దిగలేదు. "నన్ను రేవులో దింపు" అంది. అప్పుడు వంటగది తలుపులోంచి తొమోయె బయటికొచ్చింది, చేతికి అన్నం మెతుకులంటుకుని. ఊరందరికీ ముద్దలు చేస్తున్నారు లోపల.

బామ్మ వ్యాను కిటికీ దింపింది. "తొమోయె, వంటగది తూర్పు పక్కన పెట్టారే. ఆ గుండిగలు తీసి పడమటి హాల్లోకి మార్చండే. నా మాట వినకపోతే పోనీ, మీ ఆయన మొహం చూసైనా."

"ఇక్కడిక్కూడా వచ్చావా రాళ్లక్కా!" తొమోయె నవ్వింది. ఈసారి ఎగతాళిలో పదును లేదు, అలసిపోయి ఉంది. "నీళ్ల కొళాయి ఇటేపుంది. బియ్యం ఎక్కడ కడగమంటావు, నీ బోరులోనా? దిగు, రెండు ముద్దలు తిని పో."

"దిగను."

"అయితే పట్టుకెళ్లు." ఆకులో చుట్టిన ముద్దలు రెండు కిటికీలోంచి బామ్మ ఒళ్లో పడేసి లోపలికి వెళ్లిపోయింది.

మేం రేవుకి చేరేసరికి వెనకనుంచి శబ్దం వచ్చింది. పేలుడులా లేదు. పెద్ద గుడ్డని ఎవరో చింపుతున్నట్టుంది. వ్యాను వెనక్కి తిప్పాను. నాలుగో గుట్ట పాదం నుంచి ఐదో గుట్టదాకా నేల చీలి ఉంది. చీలికలోంచి తెల్లటి ఆవిరి, తర్వాత నల్ల రాళ్లు. భవనం తూర్పు భాగం కిందకి కుంగిపోయింది. పడమటి హాలుకి గోడమీద గీత కూడా పడలేదు. అక్కడున్న మూడొందల మందీ నడిచి బయటికొచ్చారు. వంటగదిలో ఎనిమిదిమంది ఉన్నారు. ఆరుగుర్ని లాగారు, ఒళ్లు కాలి. ఇద్దరు రాలేదు. ఆ ఇద్దరిలో ఒకరు తొమోయె.

రాత్రికల్లా ఓడలొచ్చి దీవి మొత్తాన్ని ఖాళీ చేశాయి. ఇప్పుడు మేమంతా టోక్యో శివారులో ప్రభుత్వ క్వార్టర్లలో ఉన్నాం. వేలమందిలో కలిసిపోయి ఉండొచ్చు గానీ మావాళ్లు కలవరు. ఒకే భవనంలో ఒకే దీవివాళ్లు. బామ్మది నాలుగో అంతస్తు. తొమోయె మొగుడిది రెండోది. పోయినవాళ్లకి మావాళ్లు కర్మ చేసే నలభై తొమ్మిదో రోజున అగరుబత్తులు తీసుకుని ఆమె రెండో అంతస్తుకి వెళ్లింది. ఆయన తలుపు తీసి, ఆమెని చూసి, "ముందే తెలిసినదానివి గదా" అన్నాడు. తలుపు వేశాడు. ఆ మాటకి అర్థం ఏమిటో బామ్మకి తెలియలేదు. తెలిసి ముప్పై ఏళ్లు ఎందుకు చెప్పలేదని అడిగాడా? చెప్పినా ఎందుకు వినిపించలేకపోయావని అడిగాడా? నాకూ తెలియదు. అగరుబత్తులు మాత్రం తలుపు ముందు వదిలి వచ్చింది.

మరుసటి ఏడాది విచారణ సంఘం నివేదిక వచ్చింది. మూడొందల పేజీలు. నేను కొని చదివాను. అందులో శాస్త్రం అంతా సరిగ్గా ఉంది. పడమటి బండ, తూర్పు పొరలు, మధ్యలో నలిగిన పట్టీ, దాన్ని పట్టుకుని పైకొచ్చిన లావా. రంగుల బొమ్మ కూడా వేశారు. చేప పలక మీద బామ్మ చూపించినదే. తర్వాత స్థలం ఎంపికలో పొరపాటు గురించి ఒక పేరా. ఏడో నంబరు బోరు నమూనాల్ని తారుమారు చేయడం వల్ల టౌన్ ఆఫీసు మోసపోయిందని, ఆ పని తానే చేసినట్టు ఇసొబె కినుయో అనే కార్మికురాలు స్వయంగా రాసి సంతకం పెట్టిందని. కురామొచి పేరు లేదు. కొత్త బోరు ముప్పై అడుగుల అవతల వేశారన్న మాట లేదు. ఆమె ఆ కాగితం ఎప్పుడు రాసిందో లేదు. చదివినవాడెవడైనా చీలిక వచ్చాక పట్టుబడి ఒప్పుకుందనే అనుకుంటాడు.

సెగావాకి ఫోన్ చేశాను. ఆయన వేరే ఊరికి బదిలీ అయ్యాడు. "తేదీ అనుబంధంలో ఉందండీ" అన్నాడు.

"అనుబంధం ఎక్కడుంది?"

"అచ్చు వేయలేదండీ. చాలా పెద్దదైపోతుందని."

బామ్మకి ఆ పేరా చదివి వినిపించాను. ఆమె కుట్టుపని పక్కన పెట్టింది.

"లోతులు రాశారా?"

"రాశారు."

"నలభై ఒకటి నించి యాభై ఎనిమిది?"

"అవును."

"అయితే ఏడో బోరు ఖాళీ అని నమ్మారన్నమాట."

"నమ్మారు బామ్మా."

"అదే కాగితమేగా? అప్పుడు నమ్మనిది, ఇప్పుడెట్టా నమ్మారు?"

నేను లాయర్ని పెడదామన్నాను, పత్రికకి రాద్దామన్నాను. ఆమె వద్దంది. "నా పేరు తీసెయ్యమని అడగొద్దు. పేర్చింది నేనే. తొమోయెకి నేను చేసింది చిన్న పనేం కాదు. పేరు పక్కన తేదీ వెయ్యమను చాలు. పునాది పోయకముందే చెప్పానని ఊరికి తెలుసు గానీ, అచ్చులో చూస్తే రెండో అంతస్తు ఆయన తలుపు తీస్తాడేమో."

ఉత్తరం రాశాను. ఆమె సంతకం పెట్టింది. ఆరు వారాలకి జవాబొచ్చింది, మూడు వాక్యాలు. మీ ఉత్తరం అందింది. నివేదిక తుది రూపం పొందినందున మార్పులు సాధ్యం కావు. మీ సహకారానికి ధన్యవాదాలు.

ఆమె దాన్ని మడిచి జేబులో పెట్టుకుని లేచింది. నాలుగో అంతస్తు నుంచి మెట్ల మీదుగా దిగింది. రెండో అంతస్తు దగ్గర ఆగింది. నేను వెనకే ఉన్నాను. తలుపు కొట్టడానికి చెయ్యెత్తి, ఆ కాగితంలో తేదీ లేదని గుర్తొచ్చిందేమో, చెయ్యి దించుకుంది. మళ్లీ మెట్లెక్కింది.